భర్త పేరు నింపనిదే జీతం రాదా?

తప్పు మా ఆఫీసులోనే జరిగింది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది స్త్రీల సంస్థ. గోడల నిండా గృహహింస చట్టం పోస్టర్లు, బీరువా నిండా కేసుల ఫైళ్లు. పన్నెండుమందిమి పనిచేస్తాం. రెండేళ్ల క్రితం, సిబ్బంది హాజరు, సెలవులు, జీతాలు అన్నీ కంప్యూటర్లో ఉంటే తప్ప ఆడిట్ కుదరదని నిధులిచ్చేవాళ్లు అనడంతో, నెలకింత అని అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాం. ఒప్పందం మీద సంతకం పెట్టింది నేనే. అందులో మనల్ని ఏమేం అడుగుతున్నారో ఒక్కసారైనా పూర్తిగా చదవలేదు.

మా కార్యకర్త ఒకామె భర్త కొట్టే దెబ్బలు భరించలేక నాలుగేళ్ల క్రితం ఇల్లు విడిచి వచ్చింది. విడాకుల కేసు ఇంకా కోర్టులో నలుగుతోంది. వైవాహిక స్థితి అన్నచోట సాఫ్ట్‌వేర్ చూపించేది నాలుగే మాటలు: అవివాహిత, వివాహిత, వితంతువు, విడాకులు పొందినది. ఆమె బతుకు ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. చట్టం దృష్టిలో వివాహితే కనుక అదే నొక్కారు. నొక్కగానే కింద మరో గడి తెరుచుకుంది. భర్త పేరు, ఫోన్ నంబరు. పక్కన ఎర్ర చుక్క గుర్తు. అంటే తప్పనిసరి. అది నింపకపోతే పేజీ ముందుకు కదలదు. పేజీ కదలకపోతే ఆ నెల జీతాల పట్టీలో ఆమె పేరు చేరదు. నెలాఖరు రోజులు. మా అకౌంటెంట్ అమ్మాయి, ఆమె ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన పాత దరఖాస్తు వెతికి తీసి, అందులో ఉన్న భర్త పేరూ నంబరూ ఎక్కించేసింది. "అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి" అన్న గడిని సాఫ్ట్‌వేర్ ఎవరినీ అడగకుండా అదే నంబరుతో నింపేసుకుంది.

ఆ వేసవిలో ఆమె బస్తీలు తిరిగి వస్తూ బస్సు దిగేచోట పడిపోయింది. ఆసుపత్రిలో చేర్పించినవాళ్లు ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. ఆఫీసులో ఉన్న కొత్త పిల్ల కంప్యూటర్ తెరిచి, అక్కడ కనబడిన నంబరుకు ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు, వార్డు నంబరు చెప్పేసింది. మనిషన్నవాళ్లెవరైనా చేసే పనే చేసింది. సాయంత్రం ఆమె కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అతను నిలబడి ఉన్నాడు.

తర్వాతి రెండు వారాల్లో ఆమె ఇల్లు మారింది. కూతుర్ని మధ్యలో బడి మాన్పించి వేరే బడిలో వేసింది. నన్ను ఒక్కటే అడిగింది. "అక్కా, నాలుగేళ్లు దాచుకున్న ఉనికి ఒక్క ఫోన్‌తో పోయింది. అసలు అతని నంబరు మన ఆఫీసులో ఎందుకుంది?"

నా దగ్గర సమాధానం లేదు. "సాఫ్ట్‌వేర్ అడిగింది" అన్నది సమాధానం కాదు కదా. ఆ ప్రశ్నే నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది.

బీరువా, సొరుగులు, తాళంచెవులు

కంప్యూటర్ అనగానే అది మనకు అర్థంకాని విషయమని పక్కకు జరగడం మనలో చాలామందికి అలవాటు. కోర్టు భాష కూడా ఒకప్పుడు మనకు అర్థమయ్యేది కాదు. నేర్చుకున్నాం. ఇదీ అంతే.

ఉద్యోగుల సమాచారం దాచే సాఫ్ట్‌వేర్‌ను పెద్ద బీరువా అనుకోండి. పాత రోజుల్లో హాజరు పట్టీ ఒకచోట, జీతాల రిజిస్టరు ఒకచోట, సర్వీసు పుస్తకం మరొకచోట ఉండేవి. ఒకదానితో ఒకటి కలిపి చూడాలంటే గుమాస్తా ఒక పూటంతా కూర్చోవాలి. ఇప్పుడు అన్నీ ఒకే బీరువాలో సొరుగులు. వ్యక్తిగత వివరాలు ఒక సొరుగు. కుటుంబం ఒక సొరుగు. జీతం, బ్యాంకు ఖాతా, హాజరు, సెలవులు, పనితీరుకు మార్కులు, క్రమశిక్షణ చర్యలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, ఒక్కోదానికి ఒక్కో సొరుగు. వీటన్నిటినీ కలిపే దారం ఉద్యోగి సంఖ్య. ఆ సంఖ్య కొడితే అన్ని సొరుగులూ ఒక్కసారే తెరుచుకుంటాయి.

ఇది కొత్త సంగతి కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు దశాబ్దాలుగా వాడుతున్న ఎస్‌ఏపీ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సొరుగులకు నాలుగంకెల నంబర్లుంటాయి. వ్యక్తిగత వివరాలు 0002. మూలవేతనం 0008. కుటుంబం 0021. ఈ రోజు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు మన హైదరాబాదులోనే తయారై దేశమంతా అమ్ముడవుతున్నాయి. పేర్లు, రంగులు మారినా లోపలి అమరిక దాదాపు ఇదే.

ఇందులో స్త్రీలు గమనించాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది, ఎర్ర చుక్క. ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది యంత్రం నిర్ణయించదు. ఎక్కడో ఒక గదిలో కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు. ఆడదానికి భర్తో తండ్రో ఉండి తీరాలని అనుకునే మనిషి ఆ చుక్క పెడతాడు. పాత మస్టర్ రోళ్లలో "తండ్రి లేక భర్త పేరు" అన్న కాలమ్ ఉండేది. అదే కాలమ్ ఇప్పుడు తెరమీదికొచ్చింది. కానీ ఒక తేడా ఉంది. కాగితం మీద ఆ గడిని ఖాళీగా వదిలేసే స్వేచ్ఛ ఉండేది. గీత కొట్టి పక్కన "వర్తించదు" అని రాసే ధైర్యం చేసినవాళ్లుండేవాళ్లు. తెర అలా ఒప్పుకోదు.

రెండోది, ముందే రాసిపెట్టిన జాబితా. మన బతుకును మన మాటల్లో చెప్పనివ్వరు. వాళ్లిచ్చిన నాలుగైదు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. జాబితాలో లేని నిజం బీరువాలోకి వెళ్లదు.

మూడోది, తేదీలు. ఈ బీరువాలో పాతది చెరిగిపోదు. పాత వరుసకు ముగింపు తేదీ వేసి, కింద కొత్త వరుస చేరుస్తారు. ఫలానా రోజుదాకా అవివాహిత, ఫలానా రోజునుంచి వివాహిత, ఫలానా రోజునుంచి విడాకులు పొందినది. జీతం పెంపును లెక్కకట్టడానికి ఈ ఏర్పాటు అవసరమే. కానీ ఒక స్త్రీ పెళ్లి చరిత్ర, గర్భస్రావం సెలవు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లిన రోజులు, ఇవన్నీ కూడా అదే పద్ధతిలో తేదీలతో సహా ఏళ్లతరబడి నిలిచిపోతాయి. ఉద్యోగం మానేసినా అవి మానవు.

నాలుగోది, తాళంచెవులు. ఎవరు ఏ సొరుగు తెరవవచ్చో సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంటుంది. పై అధికారికి కొన్ని, సిబ్బంది విభాగానికి దాదాపు అన్నీ, ఏజెన్సీకి కొన్ని, సాఫ్ట్‌వేర్ అద్దెకిచ్చినవాడి ఇంజనీరుకు ఇంకొన్ని. అందరికంటే తక్కువ తాళంచెవులున్నది ఎవరి బతుకు అందులో ఉందో ఆమెకే. తన జీతం చీటీ, తన సెలవుల లెక్క కనిపిస్తాయి. తన గురించి పై అధికారి రాసిన వ్యాఖ్య కనిపించదు. తన వివరాలు ఎవరెవరు తెరిచి చూశారో అసలే కనిపించదు. ఆ చిట్టా మాత్రం చాలా సాఫ్ట్‌వేర్లలో లోపల ఉంటుంది.

ఇప్పుడు ఈ నాలుగూ కలిపి చూడండి. వయసు ముప్పైలోపు, పెళ్లయి రెండేళ్లలోపు, పిల్లలు లేరు. వ్యక్తిగత సొరుగు, కుటుంబ సొరుగు కలిపి ఈ మూడు షరతులతో ఒక పట్టిక అడిగితే క్షణంలో వస్తుంది. రేపు ఎవరెవరు ప్రసూతి సెలవు అడగవచ్చో యాజమాన్యానికి పేర్లతో సహా తెలిసిపోతుంది. ప్రమోషన్ల జాబితా తయారుచేసే రోజున ఆ పట్టిక అధికారి బల్లమీద ఉంటే ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కుటుంబ కారణాలు"

నిరుడు ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీలో ఆఫీసు ఉద్యోగం. కాన్పుకు 26 వారాల సెలవు తీసుకుంది. తిరిగి చేరేసరికి ఆమె కుర్చీలో మరొకరున్నారు. ఆమెను రాత్రి షిఫ్టుకు మార్చారు. పాలు తాగే బిడ్డ ఉంది, పగటి షిఫ్టు ఇవ్వండని అడిగితే వారాలు గడిపారు. చివరికి "నువ్వే రాజీనామా చెయ్యి, లేకపోతే చెప్పకుండా మానేసిందని రాస్తాం, ఇంకెక్కడా ఉద్యోగం రాదు" అన్నారు. నోటిమాటగానే అన్నారు. కాగితం లేదు.

రాజీనామా కూడా సాఫ్ట్‌వేర్‌లోనే. కారణం ఎంచుకోమంది. మెరుగైన అవకాశం, పై చదువు, పెళ్లి, ఆరోగ్యం, కుటుంబ కారణాలు, ఊరు మార్పు. "బలవంతంగా పంపేస్తున్నారు" అన్న మాట జాబితాలో లేదు. ఇతరములు కూడా లేదు. ఆ పిల్ల ఏడుస్తూ "కుటుంబ కారణాలు" నొక్కింది. మేం నోటీసు పంపిస్తే యాజమాన్యం మొదట తెచ్చి చూపించింది ఆ ఒక్క ముక్కే. ఆమే స్వయంగా, తన పాస్‌వర్డ్‌తో, ఫలానా రోజు ఫలానా నిమిషంలో కుటుంబ కారణాలతో మానేసిందట!

ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని తొలగించడం చట్టవిరుద్ధమని 1961 చట్టమే చెప్పింది. 2017 సవరణతో సెలవు 26 వారాలైంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయినా ఆ రక్షణ కొనసాగుతోంది. కానీ తొలగింపును రాజీనామాగా మార్చే గడి ఒకటి తయారయ్యాక చట్టం ఎవరిమీద ప్రయోగించాలి?

అక్కడితో అయిపోలేదు. ఏడాది చివర అదే సాఫ్ట్‌వేర్ ఒక పటం గీస్తుంది. స్త్రీలు ఎందుకు ఉద్యోగాలు మానేస్తున్నారు? కుటుంబ కారణాలవల్ల. ఆ పటం సమావేశంలో చూపిస్తారు. "చూశారా, మేం అవకాశాలిస్తున్నా ఆడవాళ్లే నిలవడంలేదు" అంటారు. అబద్ధాన్ని మనచేతే నొక్కించి, దాన్ని లెక్కగా మార్చి, ఆ లెక్కను మనమీదే సాక్ష్యంగా నిలబెడుతున్నారు.

ఏడేళ్ల చాకిరీ, పదకొండు నెలల సర్వీసు

మరొకామె సంగతి. ఒక పెద్ద ఆసుపత్రిలో ఏడేళ్లుగా ఒకే అంతస్తు ఊడ్చి తుడుస్తోంది. ఆ ఏడేళ్లలో ఏజెన్సీలు నాలుగు మారాయి. మారిన ప్రతిసారీ ఆమెకు కొత్త ఉద్యోగి సంఖ్య, కొత్త చేరిక తేదీ. చీపురు అదే, యూనిఫాం మీద అక్షరాలు మాత్రం మారాయి. కంప్యూటర్ దృష్టిలో ప్రతిసారీ ఒక కొత్త స్త్రీ పుట్టింది. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ఆమె అడిగితే తెర తిప్పి చూపించారట. "చూడమ్మా, నీది పదకొండు నెలల సర్వీసే."

"పదకొండు నెలల్లో చేతులు ఇట్లయితయా మేడం?" అని ఆమె నాకు అరచేతులు చూపించింది.

ఆమె కేసులో మాకు దొరికిన ఆధారం కూడా ఒక కంప్యూటర్ రికార్డే. పీఎఫ్‌లో 2014 నుంచి ఒక మనిషికి ఒకే సంఖ్య. యజమాని మారినా అది మారదు. ఆ సంఖ్యతో పాస్‌బుక్ తీయిస్తే నాలుగు ఏజెన్సీల పేర్లూ వరుసగా వచ్చాయి. తేదీలమధ్య ఒక్క రోజు ఖాళీ లేదు. దాన్ని పట్టుకునే కార్మికశాఖలో దావా వేశాం. ఇంకా తేలలేదు.

అందుకే నేను కంప్యూటర్లను తగలబెట్టమని చెప్పడంలేదు. పేరు నమోదు కావడమే హక్కు అని మనం దశాబ్దాలుగా పోరాడాం. బీడీలు చుట్టే స్త్రీలు గుర్తింపు కార్డుకోసం, ఇళ్లలో పనిచేసే స్త్రీలు కార్మికులుగా లెక్కకెక్కడంకోసం ధర్నాలు చేశారు. రికార్డులో లేని స్త్రీ కార్మికురాలే కాదంటారు. రికార్డు లేకపోవడం ఎంత ప్రమాదమో మనకు తెలుసు. రాజస్థాన్‌లో 1994 డిసెంబరులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన్ సున్వాయీ పెట్టి, పనుల రికార్డులను ఊరి మధ్య చదివి వినిపించడం మొదలుపెట్టాక ఏమైంది? పని చేయనివాళ్ల పేర్లమీద డబ్బు తీసిన సంగతులు బయటపడ్డాయి. సమాచార హక్కు ఉద్యమం పుట్టింది అక్కడినుంచే. ఆ మస్టర్ రోలు అధికారి బీరువాలో ఉన్నంతకాలం దోపిడీకి పనికొచ్చింది. ఊరి మధ్యకు రాగానే కూలీల చేతిలో ఆయుధమైంది. తేడా కాగితంలో లేదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది.

ఈ కాలమ్‌లతో మన పోరాటం పాతదే

నీరా మాథుర్ కేసును మిత్రులు మరిచిపోకూడదు. జీవిత బీమా సంస్థలో ఉద్యోగంలో చేరేటప్పుడు స్త్రీలచేత ఒక డిక్లరేషన్ నింపించేవారు. నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చారు, గర్భస్రావం అయిందా అని అందులో కాలమ్‌లుండేవి. ఆమె ప్రసూతి సెలవు తీసుకున్నాక, తప్పు సమాచారమిచ్చిందని చెప్పి ప్రొబేషన్‌లోనే తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. ఆ ప్రశ్నలు స్త్రీని అవమానపరిచేవని, ఆ కాలమ్‌లు తొలగించాలని చెప్పింది.

తొలగించారు. కానీ ఆ బుద్ధి పోలేదు. మూడు నెలలు దాటిన గర్భిణులు తాత్కాలికంగా ఉద్యోగంలో చేరడానికి అనర్హులని 2021 డిసెంబరులో స్టేట్ బ్యాంకు సూచనలు జారీచేసింది. దేశమంతా నిరసన రేగాక వెనక్కి తీసుకుంది. అమెజాన్ కంపెనీ దరఖాస్తులను వడపోయడానికి ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది. పదేళ్లపాటు తమకొచ్చిన దరఖాస్తులను, అంటే ఎక్కువగా మగవాళ్లవే, దానికి నేర్పించింది. "మహిళల" అన్న మాట కనబడితే చాలు ఆ దరఖాస్తుకు మార్కులు తగ్గించడం అది నేర్చుకుందని, కంపెనీ దాన్ని మూలన పడేసిందని 2018లో బయటపడింది. యంత్రానికి పక్షపాతం లేదనేవాళ్లు దీనికేమంటారు? బీరువాలో మనం ఏం పెడితే యంత్రం అదే చదువుతుంది.

జర్మనీలో జరిగింది ఇంకా చూడండి. న్యూరెంబర్గులో హెచ్ అండ్ ఎం అనే బట్టల కంపెనీ సేవా కేంద్రంలో, సెలవునుంచో జబ్బునుంచో తిరిగొచ్చిన ఉద్యోగులతో అధికారులు ఆప్యాయంగా మాట్లాడేవారు. సెలవు ఎలా గడిచింది, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఏమిటి సంగతి అని. ఆ మాటలన్నీ, జబ్బు లక్షణాలు, కుటుంబ గొడవలు, మతవిశ్వాసాలతో సహా, కంప్యూటర్లోకి ఎక్కించారు. దాదాపు యాభైమంది అధికారులు వాటిని చదవగలిగేవారు. ఉద్యోగుల గురించి నిర్ణయాలు తీసుకోవడానికి వాడుకున్నారు. 2019 అక్టోబరులో ఒక సాంకేతిక పొరపాటువల్ల ఆ సొరుగు కొన్ని గంటలపాటు కంపెనీలో అందరికీ తెరుచుకుంది. అప్పుడుగానీ ఉద్యోగులకు తెలియలేదు. 2020లో హాంబర్గు అధికార సంస్థ 3 కోట్ల 53 లక్షల యూరోల జరిమానా వేసింది.

అక్కడ ఉద్యోగి సమాచారం ఉద్యోగిదేనని చెప్పే చట్టం ఉంది. ఇక్కడ?

"ఆమె" అని రాసిన చట్టం

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. పుట్టస్వామి కేసు. మనం సంతోషించాం. ఆరేళ్ల తర్వాత, 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఒక విశేషముంది. మనిషి అని చెప్పాల్సిన ప్రతిచోటా "అతడు" అనకుండా "ఆమె" అని రాశారు. అందరికీ అదే వర్తిస్తుందన్నారు. పార్లమెంటులో దాన్ని గొప్పగా చెప్పుకున్నారు.

సర్వనామం మనదయింది. హక్కు?

ఆ చట్టం 7వ సెక్షన్ చదవండి. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు, యజమానికి నష్టం కలగకుండా కాపాడుకోవడానికి, ఉద్యోగి సమాచారాన్ని ఆమె సమ్మతి లేకుండానే వాడుకోవచ్చు. ఆ తర్వాత 11, 12 సెక్షన్లు చదవండి. నా సమాచారం చూపించు, తప్పుంటే దిద్దు, అవసరం తీరితే చెరిపేయి అని అడిగే హక్కు మనిషి సమ్మతితో ఇచ్చిన సమాచారానికే వర్తిస్తుంది. రెండూ కలిపితే తేలేదేమిటి? యజమాని సమ్మతి అడగనక్కర్లేదు. సమ్మతి అడగలేదు కాబట్టి చూపించనక్కర్లేదు, దిద్దనక్కర్లేదని వాదించే దారి తెరిచిపెట్టారు. నిర్ణయాలకు వాడే సమాచారం సరిగా ఉండేలా చూసుకోవాలన్న బాధ్యత యజమానిమీద ఉంది, నిజమే. ఫిర్యాదు చేసుకునే ఏర్పాటూ ఉంది. కానీ తన సొరుగులో ఏముందో చూడలేని స్త్రీ ఏ తప్పుమీద ఫిర్యాదు చేస్తుంది?

ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అంతదాకా 2011 నాటి ఐటీ నియమాలున్నాయి. కంపెనీకి మనమిచ్చిన సమాచారాన్ని చూసుకుని, తప్పుంటే సరిచేయించుకునే వీలు వాటిలో ఉంది. కొత్త చట్టం పూర్తిగా అమలయితే ఆ పాత ఆసరా పోతుంది. ఇంకో పక్క, ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్‌ను సవరించారు. వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వనక్కర్లేదని అధికారి చెప్పడం ఇప్పుడు మరింత తేలిక. ప్రభుత్వ ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ స్త్రీల హాజరు పట్టీలు, జీతాల లెక్కలు అడిగితే ఇదే జవాబు వస్తుంది. యజమానికి మన సొరుగులన్నీ తెరిచి ఉంటాయి. మనకు యజమాని సొరుగు మూసుకుపోతుంది. ఇదా గోప్యత?

లైంగిక వేధింపుల విషయంలో ఇది మరీ ప్రమాదం. 2013 చట్టం 12వ సెక్షన్ ప్రకారం, విచారణ నడుస్తుండగా ఫిర్యాదు చేసిన స్త్రీకి మూడు నెలలదాకా అదనపు సెలవు ఇప్పించవచ్చు. 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వివరాలు, ఆమె ఎవరన్నది బయటికి పొక్కకూడదు. మంచిదే. ఆ సెలవు సాఫ్ట్‌వేర్‌లో ఏ పేరుతో ఎక్కుతుంది? చట్టం పేరుతో ఎక్కితే హాజరు చూసే ప్రతివాడికీ తెలిసిపోతుంది. పేరు లేకపోతే జీతం కోత పడుతుంది. మీ సంస్థలో అంతర్గత కమిటీ ఉందా అని అడుగుతూ వచ్చాం. ఆ కమిటీ కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయి, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని కూడా ఇకనుంచి అడగాలి.

మనం చేయాల్సింది

ఆసుపత్రి సంఘటన తర్వాత నేను సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాణ్ణి పిలిపించాను. భర్త పేరు తప్పనిసరి అన్నది తీసేయమన్నాను.

"మేడమ్, అది స్టాండర్డ్ టెంప్లేట్. అందరికీ అంతే" అన్నాడు.

"ఎవరు పెట్టారు ఆ స్టాండర్డ్?" అన్నాను.

నవ్వి ఊరుకున్నాడు. మూడు వారాలు ఉత్తరాలు రాశాం. అద్దె ఆపేస్తామన్నాం. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి, టీ చల్లారేలోగా ఆ ఎర్ర చుక్క తీసేసి వెళ్లాడు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నది శాస్త్రం కాదు, సాకు అని ఆ రోజు మాకు తెలిసింది.

ఆ సాయంత్రం పన్నెండుమందిమీ కూర్చుని ఒక్కొక్క గడి చదివాం. ఇది ఎందుకు? ఎవరికి? ఎన్నాళ్లు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని గడినల్లా తీయించాం. కులం, మతం, రక్తపు గ్రూపు, భర్త ఉద్యోగం, ఒక్క ప్రశ్నకూ నిలబడలేదు. అత్యవసర నంబరు ఎవరిదివ్వాలో ఎవరికివాళ్లే రాసుకున్నారు. ఆమె తన స్నేహితురాలి నంబరు రాసింది.

మన సంస్థల్లో ఇది మొదలుపెట్టడానికి ఏ చట్టమూ అడ్డురాదు. బయట మనం డిమాండ్ చేయాల్సినవి ఇవి:

1. పెళ్లి, భర్త, పిల్లల వివరాలు ఏ ఉద్యోగ రికార్డులోనూ తప్పనిసరి కాకూడదు. నామినీ, బీమా లాంటి నిర్దిష్టమైన అవసరానికి అడిగితే ఆ సొరుగులోనే ఉండాలి, పై అధికారికి కనబడకూడదు.

2. ప్రతి ఉద్యోగినికీ తన పూర్తి రికార్డు, పై అధికారి రాసిన వ్యాఖ్యలతో సహా, ఎవరెవరు తెరిచి చూశారన్న చిట్టాతో సహా, అడిగిన వెంటనే తెలుగులో ఇవ్వాలి.

3. ఉద్యోగం మానే కారణాన్ని తన మాటల్లో రాసే చోటు ఉండాలి. తెరమీద నొక్కిన రాజీనామాను ఆమె సంతకంతో, కార్మిక సంఘం లేదా అంతర్గత కమిటీ ఎదుట ధ్రువపరిస్తేనే చెల్లాలి.

4. ఏజెన్సీ మారినా సర్వీసు తేదీ మారకూడదు. అసలు యజమాని రికార్డులో ఆమె మొదటిరోజు ఏదో అదే ఉండాలి.

5. సమాచార రక్షణ చట్టంలో ఉద్యోగులకు చూసుకునే, దిద్దించుకునే, చెరిపించుకునే హక్కు స్పష్టంగా చేర్చాలి. సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ వెనక్కి తీసుకోవాలి.

ఇవేవీ పెద్ద కోరికలు కావు. మన గురించి రాసింది మనకు చూపించమంటున్నాం, అంతే.

కార్యకర్తలకు ఒక మాట. ఈ సంచిక చదవడం అయిపోగానే మీ ఆఫీసులో కంప్యూటర్ తెరవండి. మీ సొంత రికార్డు తీయించి చదవండి. అందులో మీ అనుమతి లేకుండా ఎవరి పేరు ఉందో చూడండి. మనం ఇతరుల ఇళ్లలోని హింసను లెక్కరాసే పనిలో ఉండగా, మన బీరువాలోనే ఒక తలుపు తెరిచి ఉంది. ముందు దాన్ని మూద్దాం. ఆ తర్వాత యజమానుల బీరువాల తాళంచెవులు అడుగుదాం.